తవుడమ్మ, రాళ్లవాగు పిల్లలు

మా తాతకి తాత పాలు తాగే నాటికే పాతబడిపోయిన కథ ఇది. వినేవాళ్లు దగ్గరికి జరగండి.

కొండ కింద ఒక ఊరు. ఊరి పక్కన రాళ్లవాగు. ఆ ఊళ్లో తవుడమ్మ అని ఒక మనిషి ఉండేది. ఆమెకి ముందు పుట్టినవాళ్లంతా పురిట్లోనే పోయారు. ఈ పిల్లయినా దక్కాలని తల్లి ఆమెని పొరుగింటావిడ చేతిలో పెట్టి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. అలా దక్కింది. అలా ఆ పేరొచ్చింది. పెనిమిటి పోయాడు, కడుపు పండలేదు. వీధిబడి ఊడ్చి, అలికి, కడవతో నీళ్లు తెచ్చి పెట్టేది. బడి పిల్లల ఇళ్లల్లో పూటకొకరు ముద్ద పెట్టేవారు.

పంతులుగారు పెద్దాయన. పొద్దు వాలేసరికి ఆయన కళ్లు మూతలు పడేవి. "తవుడమ్మా, ఈ కోతిమూకని వాగు దాకా తిప్పుకు రావే," అనేవారు.

ఆమె ఊరికే తిప్పేది కాదు. వాగులో రాయి మెల్లగా ఎత్తించేది. కింద నత్తలు, ఎండ్రకాయ పిల్లలు, తూనీగ కాబోయే పురుగులు. చెట్ల కింద కుళ్లిన ఆకులు తోడించేది. కింద మెరిసే వానపాములు. మూడు ముంతల్లో అలసందలు నాటించేది. ఒకటి ఎండలో, ఒకటి చీకటి మూలలో, ఒకటి నీళ్లు పొయ్యకుండా. ఏది బతుకుతుందని పిల్లలు అడిగితే, "నాకేం తెలుసర్రా, చూస్తే మీకే తెలుస్తుంది," అని నవ్వేది. ఏం చేయించినా ఆమెవి మూడు మాటలే.

"చూడండి. ముట్టండి. వదిలెయ్యండి."

సూరీడు అని ఒక చిన్నపిల్ల. దానికి మూడో మాట వస్తే ఏడుపే. కుండలో పెంచిన కప్పపిల్లకి కాళ్లొచ్చాక వదలమంటే గుండెకి హత్తుకునేది.

"ఇది నా కప్ప అత్తా!"

"నీదే లేవే తల్లీ. అయినా దాని ఊరికి దాన్ని పోనియ్యి."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని వదిలేది. తవుడమ్మకి అప్పుడు కడుపు నిండినట్టుండేది. లేని బిడ్డలంతా వాగులో ఆడుతున్నట్టుండేది.

ఒక ఏడు ఎగువన ఎవరో షావుకారు ఆకు నానబెట్టి రంగు తీసే నీలిమందు తొట్లు కట్టించాడు. ఊళ్లో మగవాళ్లంతా అక్కడ పనికి కుదిరారు. ఏనాడూ లేనిది, రెండు పూటలా ప్రతి ఇంటా పొయ్యి వెలిగింది. తొట్లు కడిగిన నీళ్లు వాగులోకి వచ్చేవి.

పిల్లలు రాళ్లెత్తారు. పురుగుల్లేవు. పరుగున పోయి ఊరి పెత్తనం చేసే పెద్దకాపుతో చెప్పారు. ఆయన నవ్వి, "పురుగుల్లేకపోతే మంచిదేగా," అన్నాడు.

పిల్లలు మళ్లీ రాళ్లెత్తారు. ఎండ్రకాయలు వెల్లకిలా పడి ఉన్నాయి. పరుగున పోయి చెప్పారు. "పిల్లకాయల మాటలు," అన్నాడు.

పిల్లలు మళ్లీ పోయారు. ఈసారి రాళ్లు ఎత్తనక్కర్లేదు. చేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. చెబితే ఆయన కసురుకున్నాడు. "వాగు మాటెత్తితే కాళ్లు విరగ్గొడతా. మీ అయ్యలు తినే తిండి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసా?"

ఆ తరవాత పిల్లల కాళ్లకి పుళ్లు లేచాయి. వెనకే జ్వరాలు. అందరికంటే ముందు సూరీడు పడకేసింది. తల్లులు బడి ముందుకొచ్చి తవుడమ్మని చుట్టుముట్టారు.

"ముట్టండి ముట్టండి అని నీళ్లలోకి దింపింది నువ్వే కదే! గొడ్రాలివి, నీకేం తెలుసు కడుపుకోత?"

నిజమే కదా, ముట్టమన్నది తనే. ఆ మాట పిల్లల ఒంట్లో పుండై లేచిందనుకుంది తవుడమ్మ. ఆ రోజు ముద్ద ఎత్తలేకపోయింది.

అయినా తెల్లారగానే రేవుకి పోయి కడవలకి అడ్డం పడింది. "అమ్మా, నన్ను తిట్టండి, కొట్టండి. ఈ నీళ్లు మాత్రం తాగించకండి. కొండ మీద ఊట ఉంది, అక్కడికి పోదాం రండి."

"అంత దూరం ఎవరు పోతారే? మేమంతా తాగట్లేదూ?" అని పక్కకి తోసేసి కడవలు ముంచుకున్నారు.

అప్పుడు ఆమె ఒక్కతే కొండెక్కింది. ఊటనీళ్లు దింపి, జ్వరం పడ్డ ఇళ్ల ముందు పెట్టేది. కొందరు తాగించేవారు, కొందరు పారబోసేవారు. మళ్లీ ఎక్కేది, మళ్లీ దింపేది. కాళ్లు పగిలాయి, దమ్ము ఎగదన్నింది. సూరీడు ఇంటి వాకిట్లో మాత్రం కడవ ఎప్పుడూ ఖాళీగా ఉండనివ్వలేదు. లోపలికి రానిచ్చేవారు కాదు. గోడవతల నిలబడి ఆ పిల్ల మూలుగు విని, ఇంకా ఉంది అనుకుని వెళ్లేది.

ఒకనాడు ఆమె దిగి రాలేదు. పంతులుగారు కర్ర పట్టుకుని వెతుక్కుంటూ పోయారు. దారిలో బండ పక్కన ఒరిగి ఉంది. కడవని జాగ్రత్తగా దింపి, మూతపెట్టి, పక్కనే తలవాల్చింది. ఒళ్లు చల్లబడిపోయింది. కడవలో నీళ్లు మాత్రం చుక్క ఒలకలేదు.

ఆ కడవ సూరీడు ఇంటికి చేర్చారు. అప్పటికే ఆ ఇంట్లో ఏడుపు లేచింది.

పెద్దకాపు ఆ వాకిట్లోకి వచ్చి కడవ ముందు నిలబడ్డాడు. "పిల్లలు నాకు చెప్పారు," అన్నాడు. ఆ నీళ్లు ఎవరూ తాగలేదు.

ఆ తరవాత ఎన్నో చిన్న చిన్న పాడెలు లేచాయి. బడి మూతపడింది. బతికినవాళ్లు మూటలు కట్టుకుని తలో దిక్కూ పోయారు. ఊరు ముళ్లకంపలో కలిసిపోయింది. వాగులోకి చేపలు తిరిగి వచ్చాయని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఆ పోయినవాళ్ల మనవలు, మునిమనవలు చుట్టుపక్కల ఊళ్లల్లో ఉన్నారు. కొత్త చోట నీళ్లు తాగాలంటే ఈనాటికీ పెద్దలు కడవలు దించి గట్టు మీద నిలబడతారు. పిల్లలు ఒడ్డు వెంట నడిచి, కళ్లారా చూసి, వచ్చి చెప్పాలి. బతికున్న పురుగో చేపో కనిపించిందంటేనే కడవ ముంచుతారు. లేదంటే ఎంత దాహమైనా ముందుకి నడుస్తారు.

పిల్లల మాటని ఏ పెద్దమనిషైనా తీసిపారేస్తే, పక్కనున్న ముసలమ్మ ఒక్క మాటంటుంది: "తవుడమ్మ ఊళ్లోనూ అలాగే అన్నారు నాయనా."

ఆ మాట వినగానే ఆయన ఖాళీ కడవ ఎత్తుకుని ముందుకి నడుస్తాడు.