ముందు మీరు చెప్పండి బావా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మిట్ట మీది గింజల కొట్టును జువ్వ అనే చిట్టెలుకకు అప్పగించారు. ఆ కొట్టుకు ఎనిమిది వాకిళ్లు. ఏడింటిలో జంతువులు ఎవరి గింజలు వాళ్లు దాచుకుంటాయి, తీసుకుంటాయి. ఎనిమిదోది సొరంగం. అది వాగు ఒడ్డునున్న పాత కొట్టుకు పోతుంది. ఆ కొట్టుకూ ఎనిమిది వాకిళ్లే. ప్రతి వాకిట్లో ఒక కప్ప కాపలా.

కప్పలకు సొంతంగా ఏదీ తోచదు పిల్లలూ. "నీది ఇంటి వాకిలి, ఒక్క ఇంటి గింజలే పోనివ్వు" అనాలి. లేదా "నీది సొరంగం వాకిలి, అందరి గింజలూ పోనివ్వు" అనాలి.

జువ్వ లెక్కల్లో దిట్ట. "ఇక్కడ ఎనిమిది, అక్కడ ఎనిమిది. పదహారు కప్పలకు పదహారు సార్లు ఎవరు చెబుతారు? ఒక్క మాటతో తేల్చేస్తా!" అనుకుంది. రెండు కొట్లలోనూ ఒకటే అరుపు అరిచింది. "ఎదుటివాళ్లు ఏ వాకిలి అంటే మీది ఆ వాకిలి!"

కుందేలు వచ్చి "ఇంటి వాకిలి" అంది. కప్ప తప్పుకుంది. నెమలి వచ్చి అదే మాట అంది. ఆ కప్పా తప్పుకుంది. జువ్వ మీసం తిప్పింది.

అంతలో వాన పట్టుకుంది. వాగు పొంగుతోంది. ఉడుత పరుగున వచ్చింది.

"నాయనా, నా పల్లీలన్నీ వాగు కొట్టులో ఉన్నాయి. త్వరగా ఇటు తెప్పించు. గూట్లో ముగ్గురు పసివాళ్లు. వానాకాలమంతా వాటితోనే గడవాలి."

"ఎంతసేపు పిన్నీ!" అంది జువ్వ.

ఒక్క గింజా రాలేదు. జువ్వ వాకిళ్లు లెక్కపెట్టింది. "ఎనిమిదీ తెరిచే ఉన్నాయి పిన్నీ!"

"తెరిచి ఉంటే నేనేం చేసుకోను? పల్లీలేవిరా?"

జువ్వ సొరంగం వెడల్పు చేయించింది. రాలేదు. రెండు చివరలా ఇంకో కప్పను కూర్చోబెట్టింది. అయినా రాలేదు. చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది! చివరికి తానే సొరంగంలో దూరి చెవి పెట్టింది.

"మనది ఏ వాకిలి బావా?" అంటోంది మిట్ట కప్ప.

"మీరేదంటే అదే బావా," అంటోంది వాగు కప్ప.

"అబ్బే, ముందు మీరు చెప్పాలి."

"భలేవారే! ఎదుటివాళ్లే చెప్పాలని కదా మాకు చెప్పారు?"

"అవునవును, మీరే చెప్పాలి," అని కొత్త కప్పలు రెండూ వంత పాడుతున్నాయి.

జువ్వ నెత్తి కొట్టుకుంది. "మీ మర్యాద మండా! అవతల నీళ్లొచ్చేస్తున్నాయి! ఒరేయ్ మిట్ట కప్పా, నీది సొరంగం వాకిలి. నువ్వే ముందు చెప్పు!"

"ఆ ముక్క పొద్దున్నే అనొచ్చుగా," అంది కప్ప నింపాదిగా. "మాది సొరంగం వాకిలి బావా."

"అయితే మాదీ అదే బావా."

పల్లీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. సగం వచ్చేసరికి వాగు కొట్టును బురదనీళ్లు ముంచేశాయి.

ఉడుత గింజలు ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు. "సగమే మిగిలాయి. పిల్లలు ముగ్గురు. లెక్కల్లో దిట్టవు కదా, ఏ పిల్లను పస్తు పెట్టమంటావో చెప్పు."

జువ్వ తన వాటా గింజలన్నీ తెచ్చి ఉడుత ముందు పోసింది. తర్వాత తడిసిన తోకతో మొదటి వాకిలి దగ్గరికి నడిచింది. కప్ప ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, "నీది..." అని మొదలుపెట్టింది.

నీతి: ఎవరి పని ఏమిటో ఎవరికి వారికి చెప్పకపోతే, ఎదురుచూడటమే అందరి పనీ అయిపోతుంది.