తూకం వేళ మాటలు

రాజరత్నమ్మగారు ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగిన పిల్ల ముఖంలోకి, అక్కడేదో దాగి ఉందన్నట్టు, కాసేపు చూసేవారు. తర్వాత గాజుగుడ్డ చుట్టా కత్తెరా చేతికిచ్చి, "కత్తిరిస్తూ విను" అనేవారు. నర్సింగు స్కూల్లో మేమంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఎక్కువగా అలాగే.

ఒక మధ్యాహ్నం ఎస్తేరు కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. వార్డులో ఒక ముసలాయనకి దిండు సర్ది, నుదురు తుడిచి, "ఏం భయం లేదు తాతా" అందట. ఆయన ఆమె చెయ్యి తోసేసి, "నా రిపోర్టులో ఏమొచ్చింది? ఈ మాట చెప్పమని నిన్నెవరు పంపించారు?" అన్నాడట.

"నేనేం తప్పు చేశానమ్మా? జాలి చూపిస్తే మనుషులు అనుమానపడతారెందుకు?" అని అడిగింది.

రాజరత్నమ్మగారు ఎప్పటిలా చూసి, కత్తెర ఇచ్చి, ఈ సంగతి చెప్పారు.

ఒక ఆసుపత్రిలో శాంతకుమారి అని ఒక నర్సు ఉండేది. పుండ్లకి కట్టు మార్చడంలో ఆమెకి మంచి పేరు. కట్టు విప్పే ముందే రోగిని ఏదో ఒక మాటలోకి దింపేది. తాపీమేస్త్రీతో ఇళ్ళ గురించి, కొత్త పెళ్ళికూతురితో చీరల గురించి. వాళ్ళు చెబుతూ ఉండగానే కత్తెర, దూది, మందు, కొత్త కట్టు అన్నీ అయిపోయేవి. "అప్పుడే అయిపోయిందా సిస్టర్!" అని వాళ్ళు ఆశ్చర్యపోతే ఆ రోజంతా ఆమెకి హాయిగా ఉండేది.

ఆ వార్డులోకి నరసాయమ్మ వచ్చింది. బజార్లో కూరగాయలు అమ్ముకునే మనిషి. షుగరు వల్ల కాలి వేలు పుండుపడి నల్లబడింది. ఆ వేలు తీసేయాలనీ, ఆలస్యమైతే కాలే తీయాల్సి రావచ్చనీ డాక్టరు ఆమె కొడుకుతో చెప్పాడు. కొడుకు శాంతకుమారిని పక్కకి పిలిచి, "మాయమ్మకి సూపించకండి సిస్టర్. సూసిందంటే గుండాగిపోద్ది" అని బతిమాలాడు. చూపించకుండా పని కానివ్వడం ఆమెకి కొత్త కాదు. కాలికీ కళ్ళకీ మధ్య తెర లాగి, "పిన్నీ, లేత బెండకాయని ఎలా పోల్చాలి?" అని మొదలుపెట్టింది. నరసాయమ్మ బెండకాయలతో ఆగకుండా దొండకాయల దాకా వెళ్ళింది. ఈలోగా కట్టు మారిపోయింది.

అనుమానం తర్వాత పట్టుకుంది. కిటికీ పక్కన, గాలి తగిలే మంచం తనకే ఎందుకిచ్చారు? అందర్నీ కసిరే ఆయా తనని కసరదేం? బయట గుసగుసలాడిన కొడుకు లోపలికి నవ్వుతూ వస్తాడేం? మర్నాడు శాంతకుమారి వచ్చి, "పిన్నీ, వంకాయలో పుచ్చుంటే పైకి తెలుస్తుందా?" అనేసరికి నరసాయమ్మ కాలు లాక్కుంది.

"ఆపు సిస్టరమ్మా. తూకం ఏసినప్పుడు మనిషిని మాటల్లో పెట్టీది ఎందుకో నాకు తెల్దేటి? మీ కోడలు నీళ్ళోసుకుందా బాబూ అని అడిగీదాన్ని. ఆల్లు మురిసిపోతా ఉంటే ఏలితో తక్కెడ నొక్కీదాన్ని. నా కాడేనా నీ యాపారం?"

వార్డంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"తగ్గిపోతుంది పిన్నీ. నన్ను నమ్ము" అంది శాంతకుమారి.

"నమ్మమన్నోల్ని నానెప్పుడూ నమ్మలేదు."

తువ్వాలు కాలికి చుట్టేసుకుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మందు లేదు, కట్టు లేదు. మరుసటి రోజుకి జ్వరం వచ్చింది, వాసన పక్క మంచాల దాకా పాకింది. ఇక దాచలేక, వేలు తీయాలన్న సంగతి చెప్పేసి ఒప్పుకోమని కొడుకు ఏడ్చాడు. "మత్తిచ్చినాక ఏలు తీస్తారో కాలు తీస్తారో ఎవుడు సూడొచ్చాడు? ఇంటికి పోదాం. ఆటో పిలు" అంది. చేసేది లేక అతను ఆటో తెచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు.

అప్పుడు శాంతకుమారి ట్రే పట్టుకుని వచ్చింది. ఏమీ అడగలేదు. తెర పక్కకి తీసేసింది. నరసాయమ్మ వీపుకి దిండ్లు పెట్టి, కాలు తిన్నగా కనిపించేలా కూర్చోబెట్టింది. కత్తెర ఎత్తి ఆమె కళ్ళ ముందు పెట్టింది. దూది, మందు సీసా, అన్నీ అలాగే ఒక్కొక్కటి చూపించింది. ఆమె తల ఊపేదాకా ఆగి, తువ్వాలు విప్పింది. మాటలు లేకపోయేసరికి శాంతకుమారి చేతులు వణికాయి. ఇన్నేళ్ళలో అవి అలా వణకడం వార్డులో ఎవరూ చూడలేదు.

నరసాయమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. గుండె ఆగలేదు.

"ఇది నా ఏలేనా?"

"నీదే పిన్నీ."

"మల్లీ బతుకుద్దా?"

ఎప్పుడూ నోటికొచ్చే మాట ఈసారీ శాంతకుమారి నోటిదాకా వచ్చింది. మింగేసింది. "బతకదు."

"మిగతా కాలో?"

"ఇవాళ వేలు తీస్తే కాలు నిలబడొచ్చని డాక్టరుగారు అంటున్నారు. తప్పకుండా నిలబడుతుందని నేను చెప్పలేను."

నరసాయమ్మ ఆ వణికే చేతుల్ని చూసింది, ముఖం చూసింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ కొడుకుతో, "ఆ ఆటోవోడిని పంపీరా" అంది.

రాజరత్నమ్మగారు అక్కడితో ఆపేశారు. ఎస్తేరు ఊరుకోలేదు. "కాలు దక్కిందా అమ్మా?"

"దక్కింది. కుంటుకుంటూ వెళ్ళి మళ్ళీ గంప పెట్టుకుంది. ఇప్పుడు సరిగా తూస్తోందో లేదో నాకు తెలీదు."

మేము నవ్వాము. ఎస్తేరు ముఖంలో మాత్రం ఏదో మిగిలిపోయింది. తననే ఎవరో మాటల్లో పెట్టారేమో అన్నట్టు ఆవిడ వంక చూసింది.

"అయితే శాంతకుమారి అంతకుముందు చూపించింది జాలి కాదంటారా?"

"జాలే" అన్నారు రాజరత్నమ్మగారు. "ఎవరి మీద అన్నదే, అప్పటిదాకా ఆమె చూసుకోలేదు."