వజ్రమ్మ ఎడమచెయ్యి

వజ్రమ్మకు ముప్పై ఆరేళ్లు. అన్నం వార్చేటప్పుడు మసిగుడ్డ పట్టుకోదు. ఎడమ అరచేతి అంచుతో మూతను అదిమిపట్టి గంజి వంపేస్తుంది. ఆవిరి కొట్టినా చెయ్యి తియ్యదు. "మా కోడలికి భూదేవంత ఓర్పు" అని అత్తగారు వీధంతా చెప్పుకుంది. ఆడదాని చేతికి బొబ్బలెక్కితే మందు రాయడం కంటే బిరుదివ్వడం ఏ ఇంట్లోనైనా సులువు. వజ్రమ్మ కూడా ఆ బిరుదును నమ్మింది.

ఆ ఏడాది ఆమె ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో చేరింది. మొగుడు వద్దన్నా చేరింది. పాఠాలు చెప్పేది ఎలీసమ్మ, నలభై ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆమెకు తక్కువ. చెంబో, గుడ్డో, అడిగినవాళ్ల చెయ్యో పట్టుకుని మొదలుపెడుతుంది.

అది శిక్షణలో చివరి రోజు, మర్నాడే పరీక్ష. తప్పితే మళ్లీ వంటింటికే. నాలుగు రోజులుగా వజ్రమ్మకు కంటిమీద కునుకు లేదు. మధ్యాహ్నం క్లాసులో లేచి నిలబడింది.

"టీచరమ్మా, మెదడు వేరే చదివాను, వెన్నుపాము వేరే చదివాను, నరాలు వేరే చదివాను. అన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో మాత్రం బుర్రకెక్కడం లేదు. మెదడు రాజు, మిగతావి బంట్లు అని రాసేస్తే మార్కులేస్తారా?"

"రాజుకి అన్నీ తెలుసంటావా?"

"తెలియకపోతే రాజెలా అవుతాడండీ?"

వెనక బెంచీలోంచి సుభాషిణి అందుకుంది. "మా ఇంట్లో రాజుగారికి ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు."

అందరూ నవ్వారు. ఎలీసమ్మ వజ్రమ్మనే చూస్తోంది. "భయంగా ఉందా?"

"చచ్చేంత భయం. చూడండి, చేతులు ఎలా చెమట పట్టేశాయో."

"ఏవీ, చాపు."

కుడి అరచెయ్యి తడిసి ఉంది. ఎడమ అరచేతి మీద ఎలీసమ్మ తన బొటనవేలు జరుపుకుంటూ పోయి, అంచు దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి జరిపింది. బొటనవేలి వైపు తడి. చిటికెనవేలి వైపు పొడి, ఎండుటాకులాగా. ఆమె తలెత్తి, మిగతావాళ్లను టీ తాగి రమ్మని పంపేసింది.

ఎలీసమ్మ మోచేతి ఎముక పక్కన వేళ్లతో వెతికి, చర్మం కింద ఏదో లావు తాడును దొర్లించినట్టు దొర్లించింది. కాస్త పైన పాలిపోయిన మచ్చను చూసి ఎన్నాళ్లుగా ఉందని అడిగింది.

"శోభి మచ్చ అండీ అది. ఏడాదై ఉంటుంది."

"కళ్లు మూసుకో. దూదితో ముట్టుకుంటాను. తగిలినప్పుడల్లా లెక్కపెట్టు."

"ఒకటి... రెండు... మూడు."

ఆ తర్వాత ఏమీ తగల్లేదు. టీచరమ్మ ఆపేసిందేమో అనుకుంది. ఆగలేక కళ్లు తెరిచింది. దూదిపోగు తన చిటికెనవేలి మీదే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతోంది.

కంటికి కనిపిస్తోంది, వేలికి తెలియడం లేదు. కుడి అరచేతికి మళ్లీ చెమట పట్టింది. భయం ఒళ్లంతా పాకింది. ఆ అంచుకు మాత్రం కబురందలేదు.

"ఏమిటండీ ఇది?"

"పరీక్షలు చేయించాక గాని రూఢిగా చెప్పను. కుష్ఠు అనుకుంటున్నాను. మందుంది, ఉచితంగా ఇస్తారు, తగ్గిపోతుంది. వేలికి స్పర్శ ఎంతవరకు తిరిగొస్తుందో మాటివ్వలేను. ఇంకా ఊరుకుంటే వేళ్లు ముడుచుకుపోతాయి."

"మరి ఇన్నాళ్లూ అందరూ నా ఓర్పని..."

"కాలితే చెయ్యి తనంతట తానే వెనక్కి రావాలి పిల్లా. కబురు వెన్నుపాము దాకా పోతే చాలు, అక్కణ్నించే హుకుం వచ్చేస్తుంది. మెదడుకి తెలిసేది ఆ తర్వాత. అప్పుడది నొప్పి అంటుంది, ఇంకోసారి జాగ్రత్త అంటుంది. నీకు ఆ మోచేతి దగ్గరి నరం ఉబ్బి దెబ్బతింది, అసలు కబురే బయల్దేరలేదు."

"మెదడు బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉంది. అందుకే చెయ్యి కాలుతున్నా హాయిగా కూర్చుంది."

వజ్రమ్మ ఆ చేతిని కొంగులో చుట్టుకుంది. "ఇంట్లో తెలిస్తే నన్ను బయటికి గెంటేస్తారు టీచరమ్మా. నా పిల్లల్ని నా దగ్గరికి రానివ్వరు."

"ఒకరికి వస్తే ఆ ఇంట్లో అందరినీ పరీక్ష చెయ్యాలి. అది పద్ధతి. రేపు నీ పరీక్ష రాసెయ్, ఎల్లుండి అందరినీ తీసుకురా." గుమ్మం దాకా వెళ్లిన ఎలీసమ్మ వెనక్కి తిరిగింది. "మీ అత్తగారు నీకంటే ముందు ఎన్నేళ్లు వండింది? ఆవిడ చేతులు ఎవరైనా, ఎప్పుడైనా పట్టుకు చూశారా?"

వజ్రమ్మ పరీక్ష రాసిన మర్నాడు మొగుణ్నీ, ఇద్దరు పిల్లల్నీ, అత్తగారినీ ఆటోలో ఎలీసమ్మ దగ్గరికి తీసుకొచ్చింది. అత్తగారి చేతులు తనే పట్టుకుని, కళ్లు మూసుకోమని చెప్పి, దూదితో పరీక్షించింది.