ఒక పక్కే తోమిన సీసం

భీమిలి అవతల ఒక చేపలవాడలో అప్పలస్వామి గారని గురువు ఉండేవారు. సన్యసించక ముందు ఆయనా చేపల వేటకు వెళ్లినవారే. ఎవరేమడిగినా బదులు చెప్పకుండా "పద" అని లేచేవారు.

అదే వాడలో పుట్టి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డ ఎర్రయ్య ఒక ఏడు ఊరికొచ్చి ఆయన దగ్గర తన బాధ చెప్పుకున్నాడు. అక్కడే పెరుగుతున్న కొడుక్కి రోజూ సొంత వాడ ముచ్చట్లు చెబుతాడట. తెల్లారి పడవలు తోసే పాటలు, ఇసుకలో ఆరే నెత్తళ్ల చేపల వాసన, అమ్మ చింతకాయ వేసి వండే పులుసు. తన అన్న వేటకెళ్లి సముద్రంలో చనిపోవడం, ఆ ఏడే తాము వాడ విడవడం మాత్రం దాచాడు. "అంత మంచి ఊరైతే ఎందుకొచ్చేశాం నాన్నా?" అని ఒకనాడు వాడడిగాడు. ఎర్రయ్య మాట మార్చాడు. అప్పటినుంచీ తండ్రి కథ ఎత్తుకుంటే చాలు, వాడు లేచి వెళ్లిపోతున్నాడు. దాచడం తప్పా, చెప్పడం తప్పా అని ఎర్రయ్య అడిగాడు.

గురువు "పద" అన్నారు.

ఎర్రయ్య పాత స్నేహితుడు పోలయ్య పడవలో ముగ్గురూ బయల్దేరారు. పోలయ్య గాలానికి ఎర ఉండదు. చేప ఆకారంలో పోసిన సీసం ముక్క, దాని తోకకు కొక్కెం, అంతే. అడుగు తాకేదాకా వదలాలి, బారెడు పైకి గుంజాలి, మళ్లీ జారవిడవాలి. కొత్త సీసం ఒకటిచ్చి తోముకోమంటే, ఎన్నేళ్లకో ఆ పని చేతికి దొరికిన సంబరంలో ఎర్రయ్య దాన్ని రెండు పక్కలా అద్దంలా తోమాడు.

ఎండెక్కేసరికి పోలయ్య మూడు చేపలు లాగాడు. ఎర్రయ్య తాడు ఒక్కసారీ కదల్లేదు. పోలయ్య నవ్వుతూ తన తాడు అతని చేతికిచ్చాడు. ఆ సీసానికి ఒక పక్కే మెరుపు. రెండో పక్క పోతపోసినప్పటి నలుపు అలాగే ఉంది. నాలుగోసారి జారవిడిచినప్పుడు తాడు బిగిసింది.

"రెండేపులా మెరిస్తే గిన్నె అనుకుంటాదిరా చేప" అన్నాడు పోలయ్య. "బతికున్నది తిరుగుతుంటే మెరుస్తాది, ఆరతాది, మళ్లా మెరుస్తాది."

ఒడ్డుకొచ్చేసరికి ఎర్రయ్య ఆ సీసాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతున్నాడు. పడవ దిగాక మెల్లగా అన్నాడు. "వాడికి తొమ్మిదేళ్లే స్వామీ. మా అన్న సంగతి చెబితే ఈ సముద్రమంటేనే భయపడతాడేమో. ఇంతకాలం దాచానని నన్ను నమ్మడేమో."

గురువు పంచె అంచు పిండుకుంటూ, "ఎందుకొచ్చేశామని అడిగాడు కదా" అన్నారు. "అయితే ఇంకా నీ తాడు దగ్గర్లోనే ఉన్నాడు. నల్ల పక్క చూడాలనుకుంటున్నాడు."