బాగానే ఉందమ్మా

ఆవిరిపెట్టెలో కూర్చున్న పేరిందేవిగారు స్పృహ తప్పారు. పెద్దవయసు యాత్రికుల కోసం భీమిలి కొండమీద హైమవతి కట్టించిన వెల్‌నెస్ హోటల్లో, అదీ తెరిచిన మొదటివారంలోనే జరిగిందిది. ప్రాణానికేమీ కాలేదు. సాయంత్రానికి, ఒంటరిగా వచ్చిన ఆ పెద్దావిడ లేచి కూర్చుని, "నా మూలాన మీకెంత శ్రమ!" అని నొచ్చుకున్నారు కూడా. ఆ మాటకే హైమవతికి ఒళ్ళు మండింది.

మర్నాడు ఆమె తనకు ప్రకృతివైద్యం నేర్పిన సుభద్రాంబగారి ఇంటికి వెళ్ళింది.

"పక్కనే నిలబడి మాటిమాటికీ అడిగానమ్మా. అడిగినప్పుడల్లా 'బాగానే ఉందమ్మా' అన్నారు. నోరు విప్పని మనిషిని నేనెలా కాపాడను? ఇకమీదట తోడు లేకుండా వచ్చేవాళ్ళని చేర్చుకోను. తప్పంటారా?"

సుభద్రాంబగారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. "ఎండనపడి వచ్చావు. ముందు కాస్త ఆవిరి పట్టించుకో" అన్నారు.

ఆవిడే స్వయంగా శిష్యురాలిని తన ఇంట్లోని ఆవిరిపెట్టెలో కూర్చోబెట్టి, తల మాత్రం పైకి ఉంచి, మెడచుట్టూ తడి తువ్వాలు చుట్టి, చెక్కతలుపు మూసి బయట గొళ్ళెం పెట్టారు. ఎదురుగా స్టూలు వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యసాగారు.

"ఎలా ఉందే?"

"హాయిగా ఉందమ్మా." అప్పటికది నిజమే.

"ఇంకాస్త పెంచనా?"

"మీ ఇష్టం."

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకుందామంటే చేతులు లోపలున్నాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మోకాలితో తలుపును మెల్లగా నెట్టింది. కదల్లేదు. గట్టిగా నెడితే చప్పుడవుతుంది, ఆవిడేమనుకుంటారో!

"బాగుందా?"

"బాగానే ఉందమ్మా."

ఎదుటి గోడ వంగినట్టు కనిపించింది. ఈసారి అడిగితే చెప్పేస్తాననుకుంది. సుభద్రాంబగారి చేతులు ఎప్పుడో ఆగిపోయాయి. ఆవిడ చూపంతా హైమవతి ముఖం మీదే ఉంది.

"చెప్పవే, ఎలా ఉంది?"

"బాగానే..."

గొళ్ళెం ఊడిన చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిచేసరికి ఆమె చాపమీద ఉంది. పెదవులకు ఉప్పు వేసిన నిమ్మకాయనీళ్ళు తగులుతున్నాయి.

"కొంపముంచేదానివి గదే! ఎందుకు చెప్పలేదు?"

"మీరంత ప్రేమగా కూర్చుని అడుగుతుంటే ఎలా చెప్పనమ్మా?"

"అవునులే" అన్నారు సుభద్రాంబగారు గ్లాసు ఆమె చేతికిస్తూ. "పైగా తోడుగా నేనున్నానాయె."

హైమవతి చూపు పెట్టెకు వేలాడుతున్న గొళ్ళెం మీద పడింది. ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించి, హోటల్లోని ఆవిరిపెట్టెలన్నిటికీ బయటి గొళ్ళేలు పీకించింది. ఇప్పుడు లోపలివాళ్ళు మోచేత్తో కాస్త నెడితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. వేడి నిలవడం లేదని భాగస్వాములు ఇప్పటికీ సణుగుతుంటారు. ఆమె మాత్రం గొళ్ళేలు మళ్ళీ పెట్టించలేదు. ఒంటరిగా వచ్చినవాళ్ళెవరినీ వెనక్కి పంపలేదు.