చిలక మెడ పట్టిన చెయ్యి

వెనకటికి ఉప్పుసముద్రం ఒడ్డున సింధుగిరి అని ఒక రాజ్యం, దానికి ధర్మకేతు అని ఒక రాజు. కదలకుండా కూర్చోండి. మధ్యలో ఎవరన్నా లేస్తే అక్కడితో ఆపేస్తాను.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉంది. చచ్చినవాడి సొత్తు ఎవరికి రావాలన్నా, ముందు సభలో పసుపునీళ్ళ పళ్ళెంలో కుడిచెయ్యి పెట్టి, "ఈ చావులో నా చెయ్యి లేదు" అనాలి. చెయ్యి ఉందని తేలిందా, కన్నకొడుకైనా సరే, గవ్వ కూడా రాదు.

ధర్మకేతు ఒకనాడు నిద్రలోనే పోయాడు. కొడుకు విభాకరుడు అప్పటికి పాలుతాగే పిల్లాడు. రాజు తమ్ముడు ఉగ్రదంతుడు, వాడు మంత్రగాడు, "పిల్లాడు పెద్దయ్యేదాకా చూసుకుంటా" అని గద్దెక్కాడు. పిల్లాడికి మీసాలొచ్చినా దిగలేదు.

"బాబాయ్, నా రాజ్యం నాకియ్యి."

"నేను పోయాక నీదేగా. నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. పోయి మెడ విరుచుకోరా" అని నవ్వాడు బాబాయి.

విరిస్తే చంపినవాడవుతాడు, రాజ్యం రాదు. విరవకపోతే బాబాయి చావడు, అప్పుడూ రాదు. విభాకరుడికి తిండి సయించలేదు, కన్ను మూతపడలేదు. ఒక్కచోట కూర్చోలేక సముద్రం ఒడ్డుకి పోయాడు. అక్కడ వెల్లకిలా పడ్డ తాబేలొకటి కనిపిస్తే తిరగేశాడు.

"ఎక్కు నాయనా, ఎక్కడికైనా దింపుతా" అంది తాబేలు.

ఆ చిలకని కళ్ళారా చూద్దామని ఎక్కాడు. ఉప్పుసముద్రం దాటారు, చెరుకురసం సముద్రం దాటారు, కల్లుసముద్రం దాటారు. నేతిసముద్రం, పెరుగుసముద్రం, పాలసముద్రం దాటారు. మంచినీళ్ళ సముద్రమూ దాటారు. అవతల దీవిలో పంజరం, పంజరంలో చిలక. దానికి గింజలు పెట్టడానికి మంత్రగాడు ఎత్తుకొచ్చిన రాజకూతురు కువలయ.

"ఎవరో ఒకరొచ్చారు, చాలు. దాని మెడ విరిచెయ్యి, పోదాం" అంది.

"విరిస్తే నా రాజ్యం పోతుంది."

"ఇక్కడ నా బతుకు పోతోంది."

"విరవనని తెలిసీ బాబాయి ఇంతదూరం ఎందుకు దాచాడు?"

"చావుకి భయపడి కాదు, దాని నోటికి భయపడి. ప్రాణం ఉన్నచోటే గుట్టూ ఉంటుంది. వాడు చేసినవన్నీ పొద్దస్తమానం వాగుతుంది. నేను చెవుల్లో దూది పెట్టుకుంటా."

అంతే, ఆ వాగుడు సభలో వినిపిద్దామని పంజరం చేతపట్టుకుని ముగ్గురూ తిరుగుదారి పట్టారు. దారిలో చిలక నోరు విప్పింది. "అన్న పాలల్లో విషం కలిపాను, గుటకేసి పడుకున్నాడు" అంది. విభాకరుడి చెయ్యి దాని మెడమీదికి పోయింది. మొదటిసారి కువలయ ఆ చేతిమీద కొట్టింది. రెండోసారి తాబేలు మునకేసి నిలువునా తడిపింది. మూడోసారి తన చెయ్యి తనే కిందపెట్టి దానిమీద కూర్చున్నాడు. ఊరు చేరేదాకా లేవలేదు.

సభ నిండుగా ఉంది. చిలక అదే మాట మళ్ళీ అంది.

"పక్షి కూతకి సాక్ష్యమేమిటి?" అన్నాడు ఉగ్రదంతుడు.

ముసలిమంత్రి మెల్లిగా అడిగాడు. "ప్రాణం తమరిదేనని తమరే చెప్పుకున్నారు ప్రభూ. మరి నోరు ఎవరిదంటారు?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. చిలక ఇంకా చెప్పబోయింది. "నోర్మూసుకో" అంటూ ఉగ్రదంతుడు దూకి, పంజరంలో చెయ్యి దూర్చి దాని మెడ పట్టి మెలితిప్పాడు. కోపంలో అది ఎవరి మెడో మరిచాడు. గద్దెముందే కూలిపోయాడు.

కొందరు ఈ కథలో కుర్రాడిచేతే మెడ విరిపిస్తారు. అలా చెప్పేవాళ్ళింట నేను మంచినీళ్ళు కూడా ముట్టను. విభాకరుడు అందరూ చూస్తుండగా పసుపునీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ మాట తడబడకుండా అన్నాడు.

కువలయని పెళ్ళాడాడు. చాలాకాలం చల్లగా ఏలాడు. తర్వాత కొడుకులు ఏలారు, మనవలు ఏలారు. ఆ ఇంట్లో అందరూ ముసలితనంతోనే పోయారు.