క్రమం తప్పని మజ్జిగ

మల్లెకోట రాజు భూపతిదేవుడి మనసులో ఏదైనా పడిందంటే ఇక కోటలో ఎవరికీ కుదురుండదు. ఆ ఏడు పడిందేమిటంటే, పొరుగు రాజుగారి కూతురు ఐదేళ్ళకే నిండు సభలో తాటాకు చదివేసిందట. మన రాకుమారి చందమకు నాలుగు నిండి ఐదు నడుస్తోంది. వచ్చే పున్నమికల్లా మా అమ్మాయీ చదవాలి, చదివించినవారి కాలికి గండపెండేరం తొడుగుతానన్నాడు రాజు.

గండపెండేరం మాట వినగానే విస్సావధానులుగారు లేచారు. ఆస్థానంలో ఆయనంతటి పండితుడు లేడని అందరూ అంటారు. అందరికంటే ముందు ఆయనే అంటారు.

పదిహేను రోజులు తిరక్కుండానే చందమ యాభై ఆరు అక్షరాలూ గుక్క తిప్పుకోకుండా వల్లించింది. రాజు మురిసిపోయాడు. మురిసిపోయినవాడు ఊరుకోక, ఎదుట ఉన్న తాటాకులో 'మ' మీద వేలు పెట్టి, ఇదేమిటి తల్లీ అని అడిగాడు.

పాప చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, 'అ' నుంచి ఎత్తుకుంది. నలభై అక్షరాలు దాటాక 'మ' వచ్చింది. వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. అక్కడ ఆగాలని ఆ పిల్లకెవరు చెప్పారు గనక.

అటుకుల పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడ్డ పేరమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. వంటశాల పెత్తనం ఆవిడదే. చందమకు ఉగ్గు పెట్టిందీ ఆవిడే. వంటశాలలో కుండలన్నీ ఒక్కలాగే నల్లగా ఉంటాయని, ఒక్కో మూత మీద సుద్దతో ఒక్కో అక్షరం రాసి పెట్టుకుంది. పాపకు ఏది తినాలనిపించినా ముందు దాని పేరు సాగదీసి పలకాలి, మొదట నోట్లో మోగిన అక్షరాన్ని మూతల మీద వెతుక్కోవాలి. దొరికితే ఆ కుండ ఆమెదే. అలా ఎన్ని అరిసెలు ఖాళీ చేసిందో పేరమ్మకే తెలుసు.

అలాంటి పిల్ల తండ్రి ముందు 'మ' దగ్గర ఆగనిది గుర్తుపట్టలేక కాదు. వరస తప్పి ఒక్క అక్షరం పలికినా అవధానులుగారు తొడపాశం పెడతారు. తొడ మీద రెండు మచ్చలు పేరమ్మ కళ్ళారా చూసింది.

రాజు తల గోక్కున్నాడు. అవధానులుగారు మాత్రం తొణకలేదు. మధ్యలోంచి అక్షరం అడగటం శాస్త్రం కాదన్నారు. ఏదైనా మొదటినుంచీ క్రమంగా రావలసిందేనన్నారు. అయినా రాకుమారి పొద్దస్తమానం వంటశాలలో తిరుగుతోందనీ, ఆ పొగకే బుద్ధి మందగించిందనీ, ముందు ఆ వంటావిడను పంపించెయ్యమనీ సెలవిచ్చారు.

రాజుకు ఆలోచించే పని తప్పింది గనక వెంటనే ఒప్పుకున్నాడు. ఎల్లుండి పొద్దున్నే పేరమ్మ కోట విడిచి వెళ్ళాలి. చందమ ఆవిడ కొంగు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పేరమ్మకూ ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే పని జరగదని దిగమింగుకుంది. పోయేముందు ఏలినవారికీ అవధానులుగారికీ ఒక్క పూట తన చేత్తో వడ్డించనిమ్మని మాత్రం వేడుకుంది. తిండి మాట ఎత్తితే భూపతిదేవుడు ఏనాడూ కాదనలేదు.

మర్నాడు వంటశాల పక్క వసారాలో విస్తళ్ళు పడ్డాయి. వేడి అన్నం పక్కన పేరమ్మ ఇంత పండుమిరపకాయల కొరివికారం వేసి, ఇది మామూలువాళ్ళు తినలేరు స్వామీ, కొంచెమే కలుపుకోండి అంది. ఆ మాటతో అవధానులుగారు మొత్తం కలిపి పెద్ద ముద్ద చేసి నోట్లో వేసుకున్నారు.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత కళ్ళు, ముక్కు ఏకమయ్యాయి. నీళ్ళు తాగితే మంట ఇంకా రేగింది. మజ్జిగ పొయ్యమని సైగ చేశారు.

పేరమ్మ చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని అందుకుంది. ఉప్పు, నెయ్యి, ముద్దపప్పు, వంకాయ కూర, దోసకాయ పచ్చడి...

"మజ్జిగ," అన్నారు అవధానులుగారు, ఈసారి గట్టిగా.

ఆవిడ ఆగి, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచీ రావాలి కదా స్వామీ అని, ఉప్పు దగ్గర మొదలుపెట్టింది. పులుసు, చారు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. రాజు మీసం చాటున నవ్వు దాచుకున్నాడు.

"నీ క్రమం తగలెయ్య. నాకు కావలసింది ముందు ఇవ్వవే తల్లీ," అని అరిచారు అవధానులుగారు.

పేరమ్మ కళ్ళు తెరిచింది. రాజువైపు ఒకసారి చూసింది. తన చెయ్యి ఖాళీ లేదంటూ గరిటె ఊపి, మజ్జిగ నువ్వు తెచ్చిపెట్టమ్మా అని చందమకు చెప్పింది.

పాప గడప దగ్గర ఆగి గురువుగారివైపు భయంగా చూసింది.

"మొదటినుంచీ రావాలా గురువుగారూ?"

ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపారు. పాప వంటశాలలోకి పరుగెత్తి, పది నల్లకుండల వరస ముందు నిలబడి, పెదాలు బిగించి "మ్మ్... మ" అనుకుంటూ తిన్నగా ఆరో కుండ మూత తీసింది. చెంబుతో మజ్జిగ ముంచి తెచ్చింది.

అవధానులుగారు చెంబు ఎత్తారు, దించలేదు. రాజు కూతుర్ని దగ్గరికి తీసుకుని, అన్నీ ఒక్కలాంటి కుండలే కదా, ఎలా తెలిసిందని అడిగాడు.

"మూత మీద 'మ' ఉంది నాన్నగారూ. మజ్జిగ అంటే నోట్లో ముందు మోగేది అదే కదా."

రాజు నమ్మలేక అరిసెలు తెమ్మన్నాడు, వచ్చాయి. జంతికలన్నాడు, వచ్చాయి. వడియాలు కూడా వచ్చాక, ఇంత చదివే పిల్లకా నేను బుద్ధి మందమని ఒప్పుకున్నది అంటూ సిగ్గుపడి, గండపెండేరం తెప్పించి పేరమ్మ చేతిలో పెట్టాడు. ఇకమీదట చందమకు బడి వంటశాలేనన్నాడు. కాలికి పెట్టుకుంటే పొయ్యి దగ్గర అడ్డమని ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది.

అంతలో అవధానులుగారు ఖాళీ చెంబు మళ్ళీ చాచారు. మంట ఇంకా తగ్గలేదు పాపం. చందమ చెంబు అందుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"ఇప్పుడు తీరిక ఉంది కదా గురువుగారూ, ఈసారి 'అ' నుంచి చెప్పనా?"

నవ్వు ఆపుకోలేక రాజుకు పొలమారింది, ఆ మజ్జిగేదో ముందు రాజుకే పొయ్యాల్సి వచ్చింది.